లేపిన సార్లు: తీరపు చిట్టి పిట్టల ఫొటోల డైరీ

గోడకి తగిలించుకోవడానికి నాకు ఒకే ఒక్క ఫొటో కావాలి. వెనక్కి జారే కెరటం వెంట దిగి, మళ్లీ వచ్చే కెరటం కాళ్లకి తగలకముందే ఒడ్డుకి పరిగెత్తే శాండర్లింగ్ అనే చిట్టి పిట్ట. ఆ పరుగులో రెండు కాళ్లూ గాలిలో ఉండే క్షణం. కంట్లో వెలుగు చుక్క. వెనకాల నురుగు మసగ్గా, దూదిలా. ఇంతే. మూడు ఉదయాలు చాలనుకున్నాను. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి.

సామాను పెద్దగా ఏమీ లేదు. క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా, 150-600 మి.మీ. జూమ్ లెన్సు, ఒక ట్రైపాడ్ (మూడు రోజులకే మూలపడింది), పాత తువ్వాళ్లు రెండు, నోటుపుస్తకం. పుస్తకంలో మొదట రెండే గడులు గీశాను: తీసిన ఫొటోలు "తీసినవి", ఏరాక ఉంచుకున్నవి "మిగిలినవి". మూడో గడి మొదటి రోజు ఇంటికొచ్చాక ఒళ్లుమండి గీసింది. దాని పేరు "లేపినవి", అంటే నా వల్ల పిట్టలు లేచి ఎగిరిపోయిన సార్లు. ఈ డైరీలో పనికొచ్చిన గడి చివరికి అదొక్కటే అయింది.

తీరంలో నాకు ఎక్కువగా కనబడేవి మూడు రకాలు. శాండర్లింగ్ ఉల్లంకి పిట్టల కుటుంబంలోది. పొడవు 20 సెం.మీ. లోపు. చలికాలంలో ఒళ్లంతా తెలుపు, లేత బూడిద, రెక్క భుజం దగ్గర నల్ల మచ్చ. కెంటిష్ ప్లవర్ ఇంకాస్త చిన్నది, 16 సెం.మీ. దాకా ఉంటుంది. వీపు అచ్చం పొడి ఇసుక రంగు, మెడ చుట్టూ పూర్తికాని పట్టీ, మొహానికి మించిన కళ్లు. లిటిల్ స్టింట్ అన్నిటికన్నా బుల్లిది, 13 సెం.మీ. పిట్ట. దాని బరువు ముప్ఫై గ్రాములు కూడా ఉండదు చాలాసార్లు. అంత ప్రాణి ఆర్కిటిక్ టండ్రా నుంచి ఇంత దూరం ఎగిరొచ్చి నా ముందు ఇసుక పొడుస్తోందంటే కెమెరా దించి కాసేపు ఊరికే చూడాలనిపిస్తుంది. చూశాను కూడా. ఆ నిమిషాలకి గడి లేదు.

1వ ఉదయం

తీసినవి 412. మిగిలినవి 0. లేపినవి 11.

నిలబడి నడుచుకుంటూ వెళ్లాను. నేను పది అడుగులు వేస్తే అవి ఇరవై అడుగులు పరిగెత్తాయి. ఇంకాస్త వేగం పెంచితే లేచి నీటి మీదుగా అర్ధచంద్రాకారంలో తిరిగి అరవై మీటర్ల అవతల వాలాయి. వెంటపడ్డాను. మళ్లీ లేచాయి. రెండు గంటలు ఇదే తంతు. ఇంటికొచ్చి చూస్తే నాలుగువందల చిల్లర వీపులు. ఒక్క మొహం లేదు. పైనుంచి తీయడం వల్ల ప్రతి ఫొటోలోనూ పిట్ట వెనక గోధుమరంగు ఇసుక, అందులో నా చెప్పుల గుర్తులు.

కాగితం తీసి లెక్క వేశాను. లెన్సు ఫోకల్ దూరాన్నీ పిట్ట పొడవునీ గుణించి, మనకీ పిట్టకీ మధ్య దూరంతో భాగిస్తే సెన్సర్ మీద బొమ్మ ఎంత పడుతుందో సుమారుగా వస్తుంది. 600 మి.మీ. దగ్గర, 20 మీటర్ల దూరంలో, 16 సెం.మీ. ప్లవర్ సెన్సర్ మీద 4.8 మి.మీ. పడుతుంది. సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ. అంటే ఫ్రేములో ఐదో వంతు. అదే 8 మీటర్లయితే 12 మి.మీ., సగం ఫ్రేము. నాకు కావలసింది ఆ ఎనిమిది మీటర్లు. తరిమి ఎనిమిది మీటర్లకి చేరడం జరిగే పని కాదని పదకొండుసార్లు తేలింది. పిట్టే తనంతట తాను ఆ దూరంలోకి నడిచి రావాలి.

2వ ఉదయం

సరిగ్గా వారం తర్వాత, అదే వేళకి వెళ్లాను. తీరమే లేదు. నీళ్లు పొడి ఇసుక దాకా వచ్చి కూర్చున్నాయి. పిట్టలు పైన, ఎండిన నాచు పోగుల పక్కన ముక్కులు వీపులో దాచుకుని గుంపుగా నిలబడి ఉన్నాయి. అరవై దాకా ఉంటాయి. ఎంత సులువు అనుకుంటూ ముందుకు వెళ్లాను. మొత్తం గుంపు ఒక్కసారిగా లేచింది. తీసినవి 90, మిగిలినవి 2, లేపినవి 5. గుంపులో పిట్టకొకటి చొప్పున లెక్కేస్తే మూడువందలు రాయాలి.

నిండు పోటప్పుడు అవి విశ్రాంతిలో ఉంటాయి. తినే చోటు నీటి కింద ఉంది కాబట్టి తినడానికి లేదు, ఉన్న కొవ్వుని కాపాడుకుంటూ నిలబడతాయి. ఆ కొవ్వే రేపటి వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఇంధనం. దాన్ని నా ఫొటో కోసం ఐదుసార్లు ఖర్చు పెట్టించాను.

ఆ రోజు మధ్యాహ్నం పోటు పట్టిక ముందేసుకున్నాను. రోజుకి రెండు పోట్లు వచ్చే తీరంలో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఏడు రోజులకి ఆరు గంటలు. అందుకే ఒక ఆదివారం పొద్దున్న ఆటు అడుగున ఉంటే, మరుసటి ఆదివారం అదే వేళకి పోటు నిండుగా ఉంటుంది. ఆదివారాలు మాత్రమే వెళ్లేవాడికి రెండు చివర్లే దక్కుతాయి, నడిమి భాగం చాలా వారాలదాకా దక్కదు. నాకు కావలసింది ఆ నడిమే. పోటు ఎక్కుతూ తినే మేరని కుదించేస్తుంటే పిట్టలు పలచని తడి పట్టీ మీదికి చేరతాయి, ఆకలి మీద ఉంటాయి, నీటితోపాటు పైకి జరుగుతూ వస్తాయి. పైన ముందే ఎవరైనా పడుకుని ఉంటే వాళ్ల దగ్గరికే.

ఆదివారం లెక్క మానేశాను. సూర్యోదయం అయిన రెండున్నర గంటలకి పోటు నిండే రోజులకి ఎర్ర సున్నాలు చుట్టాను. పదిహేను రోజులకోసారి రెండు మూడు రోజులు వరసగా పడుతున్నాయి. అందులోనూ అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి పోటు బాగా పైకి ఎక్కుతుంది, అష్టమి దగ్గర సగంలోనే ఆగిపోతుంది. ఏ తిథికి ఎక్కడ పడుకోవాలో దీన్నిబట్టి మారుతుంది. అష్టమినాడు పౌర్ణమి పోటు గీత దగ్గర పడుకుంటే పిట్టలు ముప్ఫై మీటర్ల కిందే తిని వెళ్లిపోతాయి.

3వ ఉదయం

మొదటిసారి బోర్లా పడుకున్నాను. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా చాపినా లెన్సు నేలకి ముప్ఫై సెంటీమీటర్ల పైనే ఉంది. పిట్ట కన్ను ఉన్నది దాదాపు పది సెంటీమీటర్ల ఎత్తులో. అయినా తేడా కళ్లకి కట్టింది. నిలబడి తీస్తే చూపు కిందికి దిగి, పిట్టకి రెండు మూడు మీటర్ల వెనక ఇసుకకి గుద్దుకుంటుంది. ఆ ఇసుక ఫోకస్‌కి దగ్గర కాబట్టి ప్రతి రేణువూ, గవ్వ ముక్కా కనబడుతుంది. పడుకుంటే చూపు నేలకి సమాంతరంగా పోతుంది, పిట్ట వెనక ఉండేది ముప్ఫై మీటర్ల అవతలి కెరటం. అది కరిగిపోతుంది. అదే లెన్సు, అదే ఎఫ్ 6.3 (లెన్సు రంధ్రం తెరుచుకునే కొలత). ఖరీదైన లెన్సు కొంటే వచ్చే మసక, పొట్ట ఇసుకకి ఆనిస్తే ఊరికే వచ్చింది.

ఇరవై నిమిషాలు కదలకుండా ఉన్నానేమో, వెనక నుంచి అడుగులు ఆగాయి.

"ఏమండీ... ఏమండీ! బాగానే ఉన్నారా?"

తల తిప్పకుండా చెయ్యి ఊపాను.

"పడిపోయారేమో అనుకున్నానండీ. లేవగలరా? ఎవరినైనా పిలవమంటారా?"

"పిట్టల కోసం అండీ, పడుకునే ఉన్నాను" అన్నాను గుసగుసగా. ఆవిడకి వినబడలేదు. మంచి మనసుతో ఇంకాస్త దగ్గరికి వచ్చారు. తొమ్మిది మీటర్ల దూరంలో ఉన్న శాండర్లింగ్‌లు నాలుగూ లేచాయి. ఇది నా గడిలో రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాశాను. తీసినవి 140, మిగిలినవి 6, లేపినవి 5.

పెనం

నేల మీద జారే పీట కావాలి. బీన్‌బ్యాగ్ ప్రయత్నించాను. తడిస్తే బరువెక్కి మొండికేసింది. అప్పుడు వంటింట్లో అక్క పక్కన పడేసిన వెడల్పాటి పాత నాన్‌స్టిక్ పెనం కళ్లబడింది. అంచులు గుండ్రంగా పైకి లేచి ఉంటాయి కాబట్టి ఇసుక లోపలికి రాదు, అడుగు నున్నగా జారుతుంది.

పిడి కోసేశాను. సరిగ్గా మధ్యలో చిల్లు పెట్టి కింద నుంచి 3/8 అంగుళాల బోల్టు ఎక్కించాను. ట్రైపాడ్ హెడ్ (కెమెరాని పట్టి తిప్పే పై భాగం) అడుగున ఉండే మర సాధారణంగా ఆ కొలతే. బోల్టు తల బయటికి పొడుచుకు వస్తే ఇసుకలో గీత గీస్తూ ఆపేస్తుంది, అందుకే పలచని తల ఉన్నది వెతికాను. లోపలి వైపు వెడల్పాటి వాషరు, దాని కింద రబ్బరు ముక్క. హెడ్ కీళ్లలోకి ఇసుక పోకుండా పాత మేజోడు కోసి తొడిగాను. లెన్సు ఎత్తు ఇప్పుడు నేలకి పద్దెనిమిది సెంటీమీటర్లు. ఇంకా దించాలంటే హెడ్ తీసేసి లెన్సు పాదాన్నే బిగించాలి, కానీ అప్పుడు పైకీ కిందికీ తిప్పడం కుదరదు. ఇక్కడితో ఆగాను.

"పారేసిందే కదా" అన్నాను. "పారేయలేదు, పక్కన పెట్టాను" అంది అక్క.

4, 5 ఉదయాలు

పెనం పొడి ఇసుక మీద వెన్నలా జారింది. తడి ఇసుక మీద ఆగి నిలబడితే రెండు నిమిషాల్లో అడుగున నీరు పీల్చి అతుక్కుపోతోంది. గట్టిగా లాగితే చప్పుడు చేస్తూ ఊడుతుంది, ఆ చప్పుడుకి పిట్టలు తలెత్తుతాయి. మందు కనిపెట్టాను. ఎక్కువసేపు ఆగేటప్పుడు పెనాన్ని ఒక పక్కకి కొద్దిగా వంచి ఉంచడమే.

పాకడం నేర్చుకోవాల్సిన విద్య. మోచేతులు, కాలి వేళ్లు. ఏడు మీటర్లకి ఇరవై నిమిషాలు పట్టింది. సూటిగా వాటివైపు కాకుండా ఏటవాలుగా, పక్కగా. వాటి కళ్లలోకి చూస్తూ పోకూడదనిపిస్తుంది. తల వంచుకుని పోతే ఎక్కువ సహించాయి. ఎప్పుడు ఆగాలో పిట్టే చెబుతుంది. శాండర్లింగ్ పొడవడం మానేసి మెడ నిటారుగా చాపితే ఆగాలి. ప్లవర్ తలని పైకీ కిందికీ ఒక్కసారి కుదిపితే ఆగాలి. నిద్రపోతున్నది ముక్కు బయటికి తీసి రెండో కాలు దించితే వెనక్కి తగ్గాలి. మళ్లీ తినడం మొదలుపెట్టాకే కదలాలి. మొదటి రోజు కూడా ఇవన్నీ నాకు చెప్పే ఉంటాయి, నేనే వినలేదు.

ఒంటి కాలు విషయం కూడా. 5వ రోజు ఒక శాండర్లింగ్ ఒంటి కాలి మీద గెంతుతూ కనబడితే అయ్యో దెబ్బ తగిలింది అనుకుని బాధపడుతూ తీశాను. పదిహేను ఫ్రేముల తర్వాత కెరటం దగ్గరపడగానే రెండో కాలు కూడా దించి పరుగందుకుంది. కాలిని ఈకల్లో వెచ్చగా దాచుకుని గెంతడం వాటికి మామూలే.

లేపినవి: 4వ రోజు 4, 5వ రోజు 2. మిగిలినవి రెండు రోజులకీ కలిపి 31.

6వ ఉదయం: తెలుపుతో తగువు

ఈ రోజంతా ఎక్స్‌పోజర్ గొడవే. శాండర్లింగ్ పొట్ట మల్లెపువ్వులా తెల్లగా ఉంటుంది. అది నురుగు ముందు నిలబడితే ఫ్రేమంతా తెలుపు. కెమెరా దాన్ని నడిమి బూడిదగా చూపించాలని చూసి మొత్తాన్నీ నల్లబరుస్తుంది. అరక్షణంలో నీరు వెనక్కి పోతుంది, ఇప్పుడు పిట్ట వెనక నల్లటి తడి ఇసుక. కెమెరా ఈసారి ఫ్రేము చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది, పొట్ట ఈకలు సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి. ఆ ఈకల గీతలు పోయాక కంప్యూటర్‌లో ఎంత కిందికి లాగినా తిరిగిరావు.

వెలుగు పెంచి తగ్గించే కాంపెన్సేషన్ చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ గంట గడిపాను. నురుగుకి ప్లస్ 1, తడి ఇసుకకి మైనస్ 0.7. తిప్పేలోపే కెరటం మారిపోతుంది. వేలు కెరటంతో పోటీ పడలేదు.

ఆ తర్వాత గానీ బుర్రకి తట్టలేదు. మారుతున్నది వెనక రంగు. పిట్ట మీద పడే ఎండ మారడం లేదు. అలాంటప్పుడు కెమెరాని ఆలోచించనివ్వడం ఎందుకు? మొత్తం మాన్యువల్‌లో పెట్టాను. 1/2500 సెకను, ఎఫ్ 6.3, ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే కొలత) 800. పిట్ట పొట్ట మీద జీబ్రా గీతలు (వెలుగు మితిమీరిన చోట కెమెరా తెర మీద చూపించే చారలు) అప్పుడప్పుడే మొదలయ్యే చోటుకి తెచ్చి, అక్కడి నుంచి ఒక మెట్టు తగ్గించి వదిలేశాను. నురుగు రానీ, చీకటి రానీ, పిట్ట ఒకేలా వచ్చింది. ఎండ పైకెక్కేకొద్దీ పది నిమిషాలకోసారి సరిచూసుకుంటే చాలు. మబ్బులు వచ్చీ పోయే రోజున మాత్రం ఈ పద్ధతి కొంప ముంచుతుంది, అప్పుడు ఐఎస్‌ఓ ఆటో వేసుకుని కొన్ని ఫ్రేములు పోగొట్టుకోవడమే.

మబ్బు రోజంటే గుర్తొచ్చింది. పలచని మబ్బు పట్టిన ఉదయం తెల్లటి పిట్టలకి మహాప్రసాదం. నీడలు గట్టిగా పడవు, తెలుపులో కూడా మెత్తటి ఛాయలు కనిపిస్తాయి. కానీ కంట్లో చుక్క ఉండదు. నల్ల కన్ను చుక్క లేకపోతే గుండీ కుట్టినట్టుంటుంది.

7వ ఉదయం

చల్లటి గదిలోంచి తెచ్చిన లెన్సు తీరపు తేమకి మంచు పట్టి పాల గాజులా అయింది. తుడిచినకొద్దీ పట్టింది. తేరుకునేసరికి అరగంట. ఇకనుంచి సంచి రాత్రే వరండాలో పెడుతున్నాను, జిప్పు తీయకుండా.

ఎండెక్కాక తీసినవన్నీ కూడా దండగే. ఫోకస్ సరిగ్గానే ఉంది, పిట్ట మాత్రం నీటి అడుగున ఉన్నట్టు అలలు అలలుగా వచ్చింది. వేడెక్కిన ఇసుక మీద గాలి పొరలు కదిలితే అంతే. పడుకుని తీసేవాడికి ఈ జబ్బు మరీ ఎక్కువ, చూపు మొత్తం ఆ పొరల్లోంచే పోతుంది కాబట్టి. పొడి ఇసుక మీదుగా దూరం తీయకపోవడం ఒక్కటే దారి. తడి మీద, ఎనిమిది పది మీటర్లలో, పొద్దెక్కకముందు.

8వ ఉదయం

గాలి రోజు. పిట్టలు విశ్రాంతిలో గాలికి ఎదురుగా నిలబడతాయి, లేచినా వాలినా గాలికి ఎదురుగానే. గాలి నా వీపు వైపు నుంచి నీటి వైపు వీస్తోంది, అందుకని గుంపంతా నావైపే తిరిగి ఉంది. ఇలాంటి రోజు కోసం ప్రత్యేకంగా రావాలని రాసుకున్నాను.

ఎనిమిది మీటర్ల దగ్గర, ఎఫ్ 6.3తో, స్ఫుటంగా ఉండే లోతు నాలుగున్నర సెంటీమీటర్లే. పిట్ట ఎదురుగా చూస్తుంటే ముక్కు నుంచి తోక దాకా అన్నీ రావు. కన్ను దొరికితే చాలు, తోక పోతే పోనీ. రెండు పిట్టలు ఒకే ఫ్రేములో స్ఫుటంగా రావాలంటే రెండూ నాకు సమాన దూరంలో నిలబడాలి. అవి నా మాట వినవు.

వెనక్కి వస్తుంటే చూసిన సంగతి. అంతకు ముందు నేను పాకుతూ వెళ్లిన దారి పొడి ఇసుకలో చిన్న కాలువలా పడి ఉంది. ఆ కాలువలో, నా మోచెయ్యి దిగిన గుంటలో, కెంటిష్ ప్లవర్ ఒకటి ఒదిగి కూర్చుంది. తలా, కంటి రెప్పలూ తప్ప ఏమీ కనబడలేదు. పక్క గుంటలో ఇంకొకటి. గాలికి చాటు దొరికింది వాటికి. అడుగుల గుంటల్లో, బండి చక్రాల గాడుల్లో ఇలా దాక్కోవడం ఈ పిట్టలకి అలవాటే. అందుకే అక్కడ చూడకుండా నడిచేవాళ్ల కాళ్ల కిందా, చక్రాల కిందా పడతాయి. నేను చుట్టూ తిరిగి చాలా దూరం నడిచి బయటపడ్డాను.

లేపినవి 0. మొదటి సున్నా.

9వ ఉదయం: పరుగు

ఇంతవరకూ నిలబడ్డ పిట్టలే వచ్చాయి. అసలు ఫొటో పరుగుది.

ప్లవరూ శాండర్లింగూ పరిగెత్తే తీరు వేరు, ఎందుకంటే తినే తీరు వేరు. ప్లవర్ కళ్లతో వేటాడుతుంది. నాలుగు అడుగులు గబగబా వేసి టక్కున ఆగి, తల వంచి చూసి, పొడుస్తుంది. ఆగినప్పుడు ఒక్కోసారి ఒక కాలిని ఇసుక మీద వణికిస్తుంది, లోపలి పురుగు కదులుతుందేమోనని. ఆ ఆగిన సెకనులో నొక్కితే సరి. ఉల్లంకి జాతి పిట్టలకి ముక్కు కొనలోనే స్పర్శ ఉంటుంది. చూడనవసరం లేదు, తడి ఇసుకలో ముక్కుని టకటకా దించుతూ పోవడమే. నీరు దాటిపోయిన మరుక్షణం ఇసుక మెత్తగా ఉంటుంది, చిన్న చిన్న పీతలూ పురుగులూ పైపైన ఉంటాయి. అందుకే శాండర్లింగ్ నీటి అంచుని వదలదు. నీరు దిగితే దిగుతుంది, ఎక్కితే ఎక్కుతుంది. ఆగదు.

ఆగదు గానీ దారి తప్పదు. ఇది గ్రహించడానికి గంటన్నర పట్టింది. పిట్టని వెంటాడుతూ లెన్సు తిప్పితే ఎప్పుడూ అరక్షణం వెనకబడుతున్నాను. కెరటాన్ని చూస్తే? కెరటం విరిగి పలచని నీటి చాపగా పాకి, ఎక్కడిదాకా వస్తుందో ముందే తెలుస్తుంది. పిట్ట ఆ చాప అంచుకి ఒక జానెడు ముందే ఉంటుంది. కుడి కన్ను తెరలో, ఎడమ కన్ను తెరిచి సముద్రం మీద పెట్టాను. కెరటం విరగగానే ఫోకస్ పట్టి, నీరు అంచుకి చేరే లోపు ఎనిమిది ఫ్రేముల చిన్న బరస్ట్, అంటే వరసగా టకటకా తీయడం. పెద్ద బరస్ట్ తీస్తే బఫర్ (కెమెరా తాత్కాలిక నిల్వ) నిండిపోయి అసలు సమయానికి కెమెరా గుడ్లప్పగించి చూస్తుంది.

1/1600 దగ్గర ఒళ్లు స్ఫుటంగా వచ్చింది, కాళ్లు మాత్రం పొగ. 1/3200కి వెళ్తే కాలి వేళ్లు కూడా లెక్కపెట్టేలా వచ్చాయి. ముందుకి మూడే, వెనక వేలు లేదు. ఉల్లంకి కుటుంబంలో మిగతావాటికి ఆ చిన్న వెనక వేలు ఉంటుంది, శాండర్లింగ్‌కి లేదు. ఇసుక మీద దాని అడుగులు చూసినా మూడు గీతలే. ఎలక్ట్రానిక్ షటర్‌తో తీసిన వాటిలో మాత్రం రెక్క విప్పిన పిట్టలు వంకరగా, సాగినట్టు వచ్చాయి. సెన్సర్ పైనుంచి కిందికి చదివేలోపు రెక్క కదిలిపోతుంది మరి. మెకానికల్ షటర్‌కి మార్చాను. చప్పుడుంది, కెరటాల హోరులో కలిసిపోతుంది.

రెండు కాళ్లూ గాలిలో ఉన్నవి నాలుగు వచ్చాయి. ఒకదానిలో కన్ను మూసుకుంది. ఒకదానిలో ముక్కు ఫ్రేము దాటింది. రెండింటిలో వెనక ఇంకో శాండర్లింగ్ తోక.

10వ ఉదయం

తెలివి ఎక్కువై మరీ కిందికి దిగాను. తొమ్మిదో పదో కెరటం మిగతావాటికన్నా పొడుగ్గా వచ్చింది. పెనం తేలింది. నిజంగానే తేలింది, పడవలా, కెమెరాతో సహా! రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను, మోచేతులు జారి గడ్డం ఇసుకకి గుద్దుకుంది. కెమెరా మీద చిలకరించినంతే పడింది.

ఉప్పునీరు పడినప్పుడు చేసే పని: ముందు మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో ఒంటిని మెల్లగా అద్దాలి, ఆ తర్వాత పొడి గుడ్డ. ఇసుక ఉంటే తుడవకూడదు, ముందు బ్లోయర్‌తో ఊదాలి. ముందు గాజు మీద ఇసుక రేణువుతో గుడ్డ రుద్దితే గాజుకాగితంతో రుద్దినట్టే. జూమ్ గొట్టం ముందుకి సాగే లెన్సయితే లోపలికి గాలితోపాటు ధూళినీ పీలుస్తుంది, అందుకే తీరంలో ఉన్నంతసేపూ 600 దగ్గరే ఉంచి కదపడం మానేశాను. అక్కడ లెన్సు మార్చే ఆలోచనే వద్దు.

పెనం మాత్రం మంచినీళ్లలో ముంచి తోముకోవచ్చు. దాని జన్మే అందుకు.

11వ ఉదయం

మిగిలినవాటిని పెద్దవి చేసి చూస్తుంటే ఒక శాండర్లింగ్ కాలికి చిన్న రంగు జెండా, దాని మీద అక్షరాలు. తీసేటప్పుడు గమనించనే లేదు. ఎక్కడో పిట్టలకి ఉంగరాలు తొడిగేవాళ్లు వేసింది. జెండాల రంగుల జతనీ, ఏది ఏ కాలికి ఉందో, మోకాలికి పైనా కిందా అన్నదాన్నీ బట్టి ఎక్కడ తొడిగారో తెలుస్తుంది. ఒక్క ఫ్రేములో అక్షరాలు పూర్తిగా లేవు. మూడు ఫ్రేములు పక్కపక్కన పెట్టి కూడబలుక్కున్నాను. రంగులు, అక్షరాలు, తేదీ, చోటు రాసి పంపాను. జాబు రావాలి. ఫొటోగా చూస్తే ఆ మూడూ పారేయదగ్గవే, ఎండ వెనక నుంచి పడుతోంది. "మిగిలినవి" గడిలోనే వేశాను.

12వ ఉదయం

తీసినవి 68. మిగిలినవి 14. లేపినవి 0.

పౌర్ణమి దాటి రెండో రోజు. సూర్యుడు వీపు వెనక, గాలి కూడా. నీళ్లు రాకముందే, చీకటి ఉండగానే వెళ్లి పడుకున్నాను. వెలుగొచ్చేసరికి నేను తీరంలో కొట్టుకొచ్చిన దుంగని. శాండర్లింగ్‌లు ఏడు, కుడి నుంచి ఎడమకి పొడుచుకుంటూ వచ్చాయి. ఒకటి నా ముందు మూడడుగుల్లోకి వచ్చేసింది. ఈ లెన్సు రెండు మీటర్ల లోపు ఫోకస్ పట్టదు. లెన్సు లోపలి ఫోకస్ ఇంజన్ అటూ ఇటూ కొట్టుకుని ఊరుకుంది. పిట్ట పెనం అంచుని ఒకసారి పొడిచి చూసి పక్కకి వెళ్లింది.

ఆ తర్వాతి కెరటంలో వచ్చింది ఆ ఫ్రేము. ఏడెనిమిది మీటర్లు, 1/3200, కుడి కాలు ముందుకి, ఎడమ కాలు తోక కిందికి, రెండూ నేలని వదిలి. దాని నీడా ప్రతిబింబమూ రెండూ కింద తడి ఇసుకలో విడిగా. కన్ను ఉంది, చుక్క ఉంది. వెనక నురుగు దూదిలా కాదు, పగిలిన గాజులా మెరుస్తూ ఉంది. నేననుకున్న ఫొటో కాదిది. అనుకున్నదానికన్నా కాస్త గరుకుగా, తొందరగా ఉంది. రెండు రోజులు చూసి, ఇదే అని ప్రింటుకి ఇచ్చాను.

13వ ఉదయం

శాండర్లింగ్‌లు తగ్గిపోయాయి. ఉన్న మూడింటి వీపు మీద ఇటుకరంగు ఈకలు మొలుస్తున్నాయి. ఉత్తరానికి ప్రయాణం కట్టే వేషం అది. ఇంకో వారంలో ఇవీ ఉండవు. ఆ ఇటుకరంగుని తడి ఇసుక మీద తీస్తే బాగుంటుందని ఆశపడ్డాను. పదిహేను మీటర్లకే మెడ చాపాయి. ఆగిపోయాను. తీసినవి 22, మిగిలినవి 1, లేపినవి 0.

14వ ఉదయం

శాండర్లింగ్‌ల కోసం తీరం పొడుగునా వెతుకుతూ, ఒడ్డున పడి ఉన్న పాత దుంగ దాటి ఇసుక దిబ్బల వైపు నడిచాను. కెంటిష్ ప్లవర్ ఒకటి నా ముందు ఐదు మీటర్లలో నేల మీద పడి, ఒక రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, తోక విసనకర్రలా విప్పి కొట్టుకుంటోంది. నేను ఆగితే ఆగింది, అటు ఒక అడుగు వేస్తే ఇంకాస్త దూరం ఈడ్చుకుంది. మూడు నెలలుగా ఎనిమిది మీటర్ల కోసం పాకినవాడికి పిట్ట ఐదు మీటర్లలో, మంచి ఎండలో, రెక్క విప్పి నిలబడింది. కెమెరా చేతిలోనే ఉంది.

అది గాయం కాదు. గూడు దగ్గర్లో ఉంది, నన్ను దాని నుంచి దూరంగా లాగుతోంది. గూడంటే ఇసుకలో చిన్న గుంట, అందులో ఇసుకరంగు మీద నల్ల గీతలున్న మూడు గుడ్లు. చూసి కూడా చూడలేనంతగా కలిసిపోతాయి. ఎండ ముదిరితే వాటి మీద నీడకి తల్లో తండ్రో ఉండి తీరాలి. నేను ఇక్కడ నిలబడ్డంతసేపూ అవి ఎండలోనే. ముందుకి వేసే అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు కాబట్టి, వెనక్కి తిరిగి నేను వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ దుంగ దాకా వచ్చాను. అక్కడి నుంచి బైనాక్యులర్స్‌తో చూస్తే మూడు నిమిషాలకి రెక్క బాగుపడింది. అటూ ఇటూ నాలుగు పరుగులు తీసి, ఒక చోట ఆగి, ఒళ్లు కదుపుకుంటూ కూర్చుంది.

పొదగడానికి నాలుగు వారాలకి కాస్త తక్కువ, పిల్లలకి ఎగరడం రావడానికి ఇంకో నాలుగు వారాలు.

తీసినవి 0. మిగిలినవి 0. లేపినవి 1. కింద ఎర్ర సిరాతో: దుంగకి అటువైపు రెండు నెలలు పోవద్దు.